పేడ చూసే నాథుడు లేడు

దూడ పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. మా అక్క వాళ్ళ గేదె ఈనిన దూడ. హనుమాన్ జంక్షన్ సెంటర్లో గుడివాడ రోడ్డు పట్టుకుని కిందకి దిగితే వచ్చే పల్లెల్లో మా అక్క వాళ్ళది ఒకటి. పుట్టిన ఇరవై ఎనిమిదో రోజు తెల్లారేసరికి చావిడిలో కాళ్ళు చాపేసి ఉంది. దున్న దూడ. ఈ సంగతి చెబితే "పోనీలే, దున్న దూడేగా" అన్నవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టుకున్నాను. పదకొండు మంది. వాళ్ళలో బాగా చదువుకున్నవాళ్ళున్నారు. పొద్దున్నే గుడి చుట్టూ ప్రదక్షిణ చెయ్యందే కాఫీ ముట్టనివాళ్ళున్నారు. పాడి పరిశ్రమ గురించి మైకుల్లో మాట్లాడేవాళ్ళున్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఎందుకు చచ్చిపోయిందని అడగలేదు.

ఎందుకు చచ్చిపోయిందో నాకు తెలుసు. కళ్ళారా చూశాను. అది ఎప్పుడో తెలిసిన జబ్బు. మందున్న జబ్బు. ఆ మందు ఏ రోజున పొయ్యాలో కూడా పుస్తకాల్లో అచ్చయి ఉన్న జబ్బు. నా కడుపుమంటంతా అందుకే.

నేను చూడటానికి వెళ్ళేసరికి దానికి ఇరవై ఆరు రోజులు. వెంట్రుక బిరుసెక్కి నిక్కబొడుచుకుని ఉంది. పొట్ట కుండలా ఉంది, వెన్నుపూసలు మాత్రం వేలు పెట్టి లెక్కపెట్టొచ్చు. తోక మొదట్లో, వెనక తొడలకీ బంకమట్టి రంగు పారుడు ఎండిపోయి అట్టలు కట్టింది. దగ్గరకి వంగితే దాని ఊపిరి మురిగిన వెన్న వాసన కొట్టింది. ఆ వాసన ఒకసారి ఎరిగినవాడు మళ్ళీ మర్చిపోడు.

"పాలెక్కువ తాగేసిందిరా తమ్ముడూ, అరక్క పారుకుంటోంది. నాలుగు రోజుల్నించి ఒక్క చన్నే వదుల్తున్నాను, అదీ సగం" అంది మా అక్క.

అక్కని ఏమనగలను? మా అమ్మా అదే చెప్పేది, మా నాయనమ్మా అదే చెప్పేది. దూడ పారుకుంటే పాలు తగ్గించాలి. లోపల పేగు నిండా పాములు చేరి తాగిన పాలన్నీ లాగేసుకుంటుంటే, పైనుంచి మనం ఆ పాలు కూడా కట్టేస్తున్నాం.

"నట్టల మందు పోశారా అక్కా?"

"ఇంత పసిదానికి మందేంటిరా! ఇంకా గడ్డి కూడా కొరకట్లేదు. మూణ్ణెల్లు దాటాక పొయ్యాలన్నారు."

"ఎవరన్నారు?"

ఎవరని చెబుతుంది? ఊరంతా అంటుంది. ఆ మూణ్ణెల్ల మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఈ పాము పసి దూడల్లోనే ఉంటుంది. మూడు నాలుగు నెలలు వచ్చేసరికి, బతికి బట్టకట్టిన దూడల పేగుల్లోంచి అవి వాటంతట అవే జారిపోతాయి. మనం మందు పొయ్యాలని పెట్టుకున్న గడువు వచ్చేలోపు చచ్చేవి చచ్చిపోతాయి. బతికినవాటికి అప్పటికి ఈ పాము కోసం ఆ మందు అక్కర్లేదు.

ఆ సాయంత్రమే మందు తెచ్చి పోశాం. అప్పటికే లేచి నిలబడే ఓపిక దానికి లేదు. రెండో రోజు తెల్లవారుజామున పోయింది.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. దూడ పోతే గేదె చేపదు. పాలు కిందకి దిగవు. తోలు తీసే ఆయన్ని పిలిపించారు. తోలులో గడ్డి కూరి, కుట్టి, తల్లి ముందు నిలబెట్టడానికి. తోలు తీశాక నేనే అడిగాను, "బాబాయ్, పేగు కొంచెం కోసి చూపిస్తావా" అని. ఆయన నా మొహం ఒకసారి చూసి కత్తి తిప్పాడు. పేగులోంచి పాములు జారి నేలమీద పడ్డాయి. లేత గులాబీ తెలుపు, పెన్సిలంత లావు, కొన్ని జానెడు, కొన్ని అంతకన్నా పొడుగు. ఒకదాంతో ఒకటి ముడివేసుకుని, గుప్పెట్లో పట్టనన్ని. దూడ చచ్చిపోయి రెండు గంటలైనా అవింకా కదుల్తూనే ఉన్నాయి. మా అక్క చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇన్ని పాముల్నా నేను పాలు పోసి పెంచింది" అంది. ఇంట్లోకి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు.

ఆవిడ తెలియక అన్న ఆ మాటే శాస్త్రం చెప్పే మాట. దీన్ని ఏలిక పాము అంటారు, టాక్సోకేరా విటులోరం అని శాస్త్రం పెట్టిన పేరు. దూడ మట్టి నాకి తెచ్చుకునేది కాదిది. తల్లి గేదె ఎప్పుడో మేతతోపాటు దీని గుడ్లు మింగుతుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు గేదె పేగులో ఎదగవు. కండల్లో, కాలేయంలో దాక్కుని నెలల తరబడి నిద్రపోతాయి. ఆ గేదెకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఈనే రోజులు దగ్గరపడగానే అవి లేచి పొదుగుకి చేరతాయి. ఈనిన మొదటి కొద్ది వారాల పాలల్లో దూడ కడుపులోకి దిగుతాయి. అలాగని జున్నుపాలు ఆపకూడదు, ఆ పాలే దూడకి ప్రాణం. చెయ్యాల్సింది వేరే. పుట్టిన పదో రోజు ప్రాంతంలో దూడకి పైపరజీన్ లాంటి మందు, దాని బరువుకి తగ్గట్టు ఒక మోతాదు పొయ్యాలి. ఆ తర్వాత ఆరు నెలలు వచ్చేదాకా నెలకొకసారి. అంతే. నాలుగు టీలకయ్యే ఖర్చు.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, 1998లో పెట్టారు. జంక్షన్ నుంచి పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడ చదివే పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా ఈ పాము బతుకంతా చెబుతారు. ఆ కాలేజీని నేను తప్పుపట్టడం లేదు. ఆ చదువు జాతీయ రహదారి మీద పాతిక కిలోమీటర్లు నడిచి మా అక్క చావిడిలోకి ఎందుకు రాలేకపోయిందని అడుగుతున్నాను. ఆ రోడ్డు మీద పాల ట్యాంకర్లు రోజూ వస్తున్నాయి. దాణా లారీలు వస్తున్నాయి. కోళ్ళ బండ్లు వస్తున్నాయి. ఒక్క మాట రాలేకపోయిందా? పదో రోజు. రెండే ముక్కలు.

దూడ పోయిన మూడో రోజు ఒక పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. చావు రాయించాలని. నష్టపరిహారం కోసం కాదు, ఎక్కడో ఒక కాగితం మీద ఈ చావు పడాలని. అక్కడ కూర్చున్నాయన మర్యాదగానే మాట్లాడాడు. "ట్యాగ్ నంబరు చెప్పండి సార్" అన్నాడు. నెల నిండని దూడకి చెవి ట్యాగ్ ఎక్కడుంటుంది? చెవికి వేసే ఆ పన్నెండు అంకెల బిళ్ళ మన దగ్గర గాలికుంటు టీకాతో పాటు పడుతుంది. టీకా నాలుగు నెలలు దాటిన దూడలకే వేస్తారు. "ట్యాగ్ లేకపోతే నేను ఎక్కడ ఎక్కించాలండీ? కంప్యూటర్ తీసుకోదు" అన్నాడు. పేడ పరీక్ష ఇక్కడ చేస్తారా అని అడిగాను. బీరువా మీద ఉన్న పెట్టె చూపించాడు. మైక్రోస్కోపు. పెట్టె మీద దుమ్ము వేలితో పేరు రాసేంత మందాన ఉంది. "పేడ ఎవరూ తీసుకురారండీ" అన్నాడు.

ఎవరూ తీసుకురారు కాబట్టి ఎవరూ చూడరు, ఎవరూ చూడరు కాబట్టి ఎవరూ తీసుకురారు. మధ్యలో దూడలు పోతుంటాయి. పేడ పరీక్షకి ఏం కావాలో తెలుసా? ఉసిరికాయంత పేడ. గ్లాసుడు ఉప్పునీళ్ళు, ఉప్పు ఇంక కరగనంత చిక్కగా. నీళ్ళ మీదకి తేలిన గుడ్లని గాజుపలక మీదకి తీసుకుని చూడటం. కార్జంలో ఉండే జలగల గుడ్లు బరువు కాబట్టి తేలవు, వాటికోసం అడుగున దిగిన మడ్డి చూడాలి. పావుగంట పని. ఆ పావుగంట మన పశువుల కోసం కేటాయించినవాడు లేడు.

ఇప్పుడు కైకలూరు వైపు వెళ్ళి చూడండి. ముదినేపల్లి, మండవల్లి, ఆ రోడ్డంతా ఆక్వా ల్యాబ్‌లే. రొయ్యకి ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి పడుతుంది. లోపల చేరి ఎదుగుదల ఆపేస్తుంది. చెరువులో రొయ్యలు చిన్నా పెద్దా కనిపిస్తే చాలు, రైతు వాటిని పట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తుతాడు. పీసీఆర్ పరీక్ష చేయిస్తాడు. పిల్ల కొనేముందే చేయిస్తాడు. ఆ రైతుని నేను తప్పుపట్టను, అతను చేసేది సరైన పని. కోళ్ళ షెడ్లలోనూ అంతే. రక్తపారుడు తెచ్చే కాక్సిడియా మీద మొదటి రోజు నుంచే కన్నేసి, దాణాలోనే మందు కలుపుతారు. అంటే మనకి తెలివి లేక కాదు, చేతకాక కాదు. వేలెడంత రొయ్య పేగులో ఏముందో చూడగలిగిన నేల మీద, మూడు మూరల దూడ పేగులో ఏముందో చూసేవాడు లేడు. దూడ అప్పుకి హామీ కాదు, ఎగుమతి కాదు, పుట్టిన నెలలో దాని వల్ల ఎవరికీ రూపాయి రాదు. పైగా అది తాగే పాలు పాలకేంద్రానికి వెళ్ళవు. కాబట్టి అది పోతే కొందరికి లోపల ఎక్కడో ఊరట కూడా. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ మన చావిళ్ళలో ఈ ఊరట నిజం.

2019 పశుగణన ప్రకారం దేశంలో గేదె జాతి మొత్తం దాదాపు 11 కోట్లు. అందులో ఆడవి 10 కోట్ల పైచిలుకు. మగవి కోటి కూడా లేవు. కడుపులో ఆడా మగా సగం సగమే పడతాయి కదా. మిగతా దున్నలన్నీ ఏమయ్యాయి? కోతకి పోయినవి పోయాయి. ట్రాక్టర్ వచ్చాక దున్నతో పని లేదన్నది నిజమే. నట్టలే అన్నిటినీ చంపాయని నేననను. కానీ పాలు కట్టేసి, మందు పొయ్యక, పారుడుతో నెలలోపే పోయినవి ఆ లెక్కలో ఎన్ని ఉన్నాయో చెప్పమంటే ఏ కాగితమూ చెప్పదు. పైగా ఏలిక పాము ఆడా మగా చూడదు. దున్న దూడని వదిలేసే అలవాటు, రేపు నాలుగు లీటర్లు పిండాల్సిన పెయ్యని కూడా అదే నెలలో తినేస్తోంది.

మా నాన్న బతికున్నప్పుడు జంక్షన్ గురించి ఒక మాట చెప్పేవాడు. ఈ సెంటర్లో నిలబడితే ఒక కాలు మెట్టలో, ఒక కాలు డెల్టాలో ఉంటాయని. నిజమే. ఉత్తరానికి నూజివీడు రోడ్డు ఎక్కితే ఎర్రనేల, మామిడి తోటలు, గొర్రెల మందలు. దక్షిణానికి దిగితే కాలువలు, బోదెలు, వరిచేలు, గేదెలు. నట్టలు కూడా అలాగే పంచుకున్నాయి.

మెట్టలో గొర్రె కడుపులో ఉండేది దారప్పోగంత పురుగు, హీమాంకస్. రక్తం తాగుతుంది. ఒక్కో పురుగు రోజుకి 0.05 మిల్లీలీటర్ల దాకా పోగొడుతుందని పుస్తకాలు చెబుతాయి. చుక్క కూడా కాదు. కానీ వెయ్యి పురుగులుంటే రోజుకి 50 మిల్లీలీటర్లు. వానలు పడ్డ నెలకి మందలో వెనకబడి నడిచే గొర్రెని పట్టుకుని కంటిరెప్ప తిప్పి చూడండి, కాగితంలా తెల్లగా ఉంటుంది. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. పొద్దున మేతకి వెళ్ళిన జీవం సాయంత్రం తోట గట్టున పడి ఉంటుంది. కాపరి ఆకాశం వంక చూసి "గాలి తగిలింది" అంటాడు. అదే 2019 లెక్కల్లో మన రాష్ట్రంలో గొర్రెలు 1.76 కోట్లు. దేశంలో తెలంగాణ తర్వాత మనమే. ఇన్ని జీవాలున్న రాష్ట్రంలో రెప్ప తిప్పి చూడటం ప్రతి కాపరికీ నేర్పడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

డెల్టా సంగతి ఇంకా ఘోరం. ఇక్కడ శత్రువు నీళ్ళలో ఉంది, ఆ నీళ్ళే మన అన్నం.

జంక్షన్‌లో మాంసం కొట్టు దగ్గర ఒకరోజు నిలబడ్డాను. కొట్టాయన కార్జం కోస్తుంటే కత్తి కరకర లాడింది. ఇసక కోసినట్టు. పిత్తం పారే గొట్టాలు గట్టిపడి సున్నం పట్టాయి. వాటిని నొక్కితే లోపలినుంచి ఆకులా చదునుగా, గోధుమరంగులో, వేలెడు పొడుగున్న పురుగు జారింది. ఆ తర్వాత ఇంకోటి. ఇంకోటి. కార్జపు జలగ, ఫేషియోలా జైగాంటికా. కొట్టాయన ఏమీ మాట్లాడకుండా ఆ ముక్క కోసి పక్కన పడేశాడు, బాగున్న ముక్క తక్కెట్లో వేశాడు. పక్కన పడేసింది కుక్క ఎత్తుకుపోయింది. ఇలా కుక్కలకి వేసే అవయవాల్లో కొన్నిసార్లు నీటి తిత్తులుంటాయి, హైడాటిడ్ అంటారు. అవి తిన్న కుక్క పేగులో చిన్న బద్దెపురుగు పెరుగుతుంది, దాని గుడ్లు కుక్క మలంలో వచ్చి మేతలో కలుస్తాయి, పశువు కార్జంలో మళ్ళీ తిత్తి కడుతుంది. మనిషి కార్జంలోనూ కడుతుంది, ఊపిరితిత్తుల్లోనూ కడుతుంది. కోసిన చోట ఒక గొయ్యి, ఆ గోతికి ఒక మూత. అది లేకనే ఇంత.

జలగ ఎలా వస్తుందో చిన్నపిల్లలకి కూడా చెప్పొచ్చు. జలగ గుడ్లు పేడలో వస్తాయి. పేడ బోదెలో పడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల నత్తలో దూరుతుంది. నత్తలో ఒకటి వందలవుతుంది. మళ్ళీ నీళ్ళలోకి వచ్చి, వరి మొదళ్ళకీ గట్టు గడ్డికీ అంటుకుని కంటికి కనిపించని గుళికలా గట్టిపడి కూర్చుంటుంది. గేదె ఆ గడ్డి తింటుంది. సార్వా కోతలయ్యాక పశువుల్ని తడి ఆరని చేలలోకి తోలతాం చూడండి, అదే దానికి పండగ. ఎండాకాలం కాలువలు కట్టేశాక మిగిలిన గుంటల దగ్గర పశువులన్నీ మూగుతాయి, గుర్రపుడెక్క కింద నత్తలూ అక్కడే మూగుతాయి. గేదె వెంటనే చావదు. ఒళ్ళు చెయ్యదు, పాలు తగ్గుతాయి, చూడి నిలవదు. "దిష్టి తగిలింది" అని మెళ్ళో నల్లతాడు కడతాం. దాణా పెంచుతాం. ఆ దాణా జలగకి పెడుతున్నాం.

ఇంగ్లండులో 1879, 1880 సంవత్సరాల్లో వానలు ఎక్కువై ఈ జాతి జలగ వల్లే 30 లక్షల గొర్రెలు చచ్చిపోయాయంటారు. అక్కడివాళ్ళు ఖర్మ అనుకుని ఊరుకోలేదు. వ్యవసాయ సంఘం డబ్బిచ్చి ఆక్స్‌ఫర్డ్‌లో థామస్ అనే కుర్రవాడికి పని అప్పజెప్పింది. జర్మనీలో లాయికార్ట్ అదే పనిలో ఉన్నాడు. 1883కల్లా నత్త గుట్టు ఇద్దరూ విడివిడిగా బయటపెట్టారు. అప్పటికి విజయవాడ దగ్గర కృష్ణ మీద కాటన్ దొర నాటి ఆనకట్ట కట్టి ముప్ఫై ఏళ్ళు కూడా కాలేదు. నూట నలభై ఏళ్ళ కిందట తెలిసిన సంగతి, ఆ కృష్ణ నీళ్ళు తాగే గేదెల దాకా ఇంకా రాలేదు.

మన వాళ్ళు కనిపెట్టింది మాత్రం వచ్చిందా? రాత్రిళ్ళు చావిడిలో ఎద్దు మనిషిలా గురక పెడుతుంటే విని ఉంటారు. ముక్కులో పువ్వులా కండ పెరిగి, చీమూ నెత్తురూ కారుతూ, ఊపిరాడక. అది కూడా నత్త ద్వారా వచ్చే పురుగే, ముక్కు రక్తనాళాల్లో ఉంటుంది. మద్రాసులో పనిచేసిన అనంతనారాయణరావు గారు 1933లో దాన్ని గుర్తించి పేరు పెట్టారు. ఈ కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ప్రపంచ శాస్త్ర పుస్తకాల్లో ఆ పురుగు పేరు పక్కన ఆయన పేరుంటుంది. ఇక్కడ మాత్రం ఎద్దు గురక పెడితే "ముసలిదైంది, తోలెయ్యండి" అంటాం. ఈ జాతి పురుగుల పిల్లలు మనిషి చర్మంలో కూడా దూరతాయి. లోపల బతకలేక చచ్చిపోతాయి గానీ దురద, దద్దుర్లు రేపుతాయి. నాట్లు వేసొచ్చిన ఆడకూలీలు రాత్రంతా పిక్కలు గోక్కుంటూ కూర్చుంటే నీళ్ళు పడలేదంటాం.

నట్టల మందు పోసే శిబిరాలు జరగట్లేదా అంటే జరుగుతున్నాయి. ఒక ఊళ్ళో నేను చూశాను. రామాలయం అరుగు దగ్గర వరసగా పశువుల్ని నిలబెట్టి, ఒకే డబ్బాలోంచి, సీసా మూతతో కొలిచి పోసుకుంటూ వెళ్ళారు. పెద్ద గేదెకీ అదే మూత, పడ్డకీ అదే మూత. ఏ పురుగుందో చూడకుండానే అన్నిటికీ ఆల్బెండజోల్. చూలు మొదటి నెలల్లో ఉన్న పశువుకి ఆ మందు పొయ్యకూడదు, లోపలి పిండం చెడుతుంది. ఒక్క గేదెనైనా చూడిదా అని అడగలేదు. పిల్ల జలగ మీద ఆ మందు పనిచెయ్యదు. అటు మోతాదు తగ్గించి పోస్తే పురుగు చావదు సరికదా, మందుకి అలవాటు పడుతుంది. సాయంత్రానికి ఎన్ని పశువులకి పోశారో అంకె వేసుకుని వెళ్ళిపోయారు. ఆ అంకెలో పొరపాటు లేదు. పని జరగలేదు, అంతే. ఆ కుర్రాళ్ళని తిట్టడానికి నాకు నోరు రావట్లేదు, ఒక్కొక్కరి మీద ఎన్ని ఊళ్ళున్నాయో చూశాను. వాళ్ళ చేతికి మూత ఇచ్చి తూకం టేపు ఇవ్వనివాళ్ళ మీద నా కోపం.

బడి పిల్లలకి 2015 నుంచి నులిపురుగుల రోజు అని ఒకటుంది. ఫిబ్రవరిలో తేదీ పెట్టి మాత్ర మింగిస్తారు. మంచి పని. కానీ దూడకి అలా తేదీ పెడితే కుదరదు. ఒక్కో దూడ ఒక్కో రోజు పుడుతుంది, ప్రతి దూడకీ దాని పదో రోజు వేరు. అది ఎవరికి తెలుస్తుందని అంటారేమో. తెలుస్తుంది! గేదెకి ఎద ఇంజక్షన్ వేసినవాడు ఆ తేదీ రాసుకుంటాడు. దానికి పది నెలల పది రోజులు కలిపితే ఈత. ఈతకి పది కలిపితే మందు రోజు. ఒక్క కూడిక. పాలకేంద్రంలో వెన్న శాతం కొలిచే అమ్మాయికి ఏ ఇంటి గేదె ఎప్పుడు ఈనిందో తెలుసు, ఆ ఇంటి పాలు మళ్ళీ ఏ రోజు మొదలయ్యాయో పుస్తకంలో ఉంటుంది. ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలున్నాయి, 1962 నంబరుంది. ఎవరి దగ్గర ఉండాల్సింది వాళ్ళ దగ్గరుంది. పాలలో వెన్న పదో వంతు తగ్గితే రాత్రికి రాత్రి రైతు ఫోన్‌కి సందేశం పంపే ఏర్పాటు మన దగ్గరుంది. "ఈ రోజు మీ దూడకి పదో రోజు" అని ఒక్క సందేశం పంపేవాడు లేడు. దీన్ని పేదరికం అనను. తెలివితక్కువతనం అనను. పట్టనితనం. నూటికి నూరుపాళ్ళు పట్టనితనం.

అడవి పక్షుల సంగతి నాకెందుకులే అనుకునేవాణ్ణి. 2017 చివర్లో కర్ణాటకలో కొక్కరెబెళ్ళూరు గూడబాతులు చెట్ల మీదనుంచి రాలి చచ్చిపోయాయి. కోసి చూస్తే పొట్టలో ఏలిక పాముల జాతి పురుగులు. 2021 చివర్లో, ఆ తర్వాత చలికాలం నెలల్లో, మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో అదే జరిగింది. వందకు పైగా గూడబాతులు పోయాయి. వాటిలోనూ పురుగులే, అవి తినే చేపల ద్వారా వచ్చాయన్నారు. ఆ గూడబాతులే మనకి దగ్గర్లో కొల్లేటి ఒడ్డున, ఆటపాకలో గూళ్ళు పెడతాయి. చుట్టూ చేపల చెరువులే. కొల్లేరు 2002 నుంచి అంతర్జాతీయ గుర్తింపు ఉన్న చిత్తడి నేల. రేపు ఆటపాక ఇనుప మంచెల మీదనుంచి అవి రాలడం మొదలుపెడితే పడవ షికారుకి వచ్చినవాళ్ళు ఫొటోలు తీస్తారు, పేపర్లో మూడు రోజులు వస్తుంది. దూడలు మాత్రం ఏ మంచె మీదనుంచీ రాలవు. చావిడి మూల, గడ్డి మీద, ఎవరూ చూడని తెల్లవారుజామున పోతాయి.

జంక్షన్‌లో ఆంజనేయస్వామి గుడి ముందు మొన్న చాలాసేపు నిలబడ్డాను. ఒక్క ప్రాణం కోసం కొండ పెకలించుకొచ్చిన స్వామి. ఆయన పేరు పెట్టుకున్న ఊళ్ళో మందులషాపు అలమరలో ఉన్న సీసా పక్క వీధిలోకి వెళ్ళట్లేదు.

గడ్డి కూరిన తోలుని మా అక్క ఇంట్లో ఇంకా తియ్యలేదు. రోజూ రెండు పూటలా దాన్ని తెచ్చి గేదె ముందు నిలబెడతారు. గేదె దాన్ని నాకుతుంది. ముఖం దగ్గర, చెవుల దగ్గర, నాకి నాకి అక్కడ వెంట్రుక ఊడిపోయి తోలు నున్నగా మెరుస్తోంది. నాకుతూ నాకుతూ చేపుతుంది. పాలు తపేలాలో పడతాయి, తపేలా కేంద్రానికి వెళుతుంది.

పక్కింటి వాళ్ళ గేదె పోయిన వారం ఈనింది. పెయ్య. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. నిన్న వాళ్ళింటికి వెళ్ళి, ఇంకుపెన్నుతో గోడ క్యాలెండర్ మీద రేపటి తేదీ చుట్టూ సున్నా చుట్టాను. "ఇంత పసిదానికా అన్నయ్యా?" అని ఆ ఇంటి పిల్ల అడిగింది. మా అక్క నా వెనకే వచ్చి నిలబడింది. నేను నోరు తెరిచేలోపు తనే చెప్పింది, "పొయ్యాలమ్మా. పదో రోజునే పొయ్యాలి. మావాడు సీసా తెచ్చాడు, ఆ రోజు పొద్దున్నే నేనొస్తా, దూడని నేను పట్టుకుంటాను."